పంటి నొప్పి - బడిపిల్లల దినచర్య

తరగతిలో గణిత పాఠం జరుగుతున్నది. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద లెక్క చేస్తున్నాడు. నాలుగో వరుసలో ఒక పిల్లవాడు చెంపకు చెయ్యి ఆనించుకొని, కళ్లు సగం మూసుకొని కూర్చున్నాడు. ప్రశ్న అడిగితే లేచి నిలబడ్డాడు గాని, జవాబు చెప్పలేకపోయాడు. "రాత్రంతా ఏం చేశావురా, ఇప్పుడు నిద్రపోతున్నావు?" అని ఉపాధ్యాయుడు గద్దించాడు. తరగతి అంతా నవ్వింది. పిల్లవాడు తల వంచుకొన్నాడు.

నిజానికి ఆ ప్రశ్నకు సరైన జవాబే ఉన్నది. రాత్రంతా అతడు పంటి నొప్పితో మేల్కొని ఉన్నాడు. అయితే ఆ ప్రశ్న జవాబుకోసం అడిగినది కాదని పిల్లవాడికి తెలుసు. అందుచేత చెప్పలేదు.

ఇది ఏ ఒక్క బడిలో జరిగిన సంగతీ కాదు. ఏ బడిలోనైనా జరగగల సంగతి. "పంటి బిగువున భరించటం" అని మన భాషలో ఒక మాట ఉన్నది. పిల్లలు పంటి నొప్పిని కూడా అట్లాగే భరిస్తారు. పెద్దలకు వారి మందకొడితనం, చిరాకు, చదువులో వెనుకబాటు కనిపిస్తాయి. వాటి వెనుక ఉన్న పుచ్చుపన్ను కనిపించదు. ఒక చిన్న పన్ను పిల్లవాడి రోజునంతటినీ ఎట్లా పాడుచేస్తుందో, ఆ నష్టాన్ని శాస్త్రజ్ఞులు ఎట్లా కొలుస్తున్నారో తెలుసుకొందాం.

పళ్లను లెక్కించే కొలత

నోటి ఆరోగ్యాన్ని కొలవటానికి దంతవైద్యులు చాలాకాలంగా ఒక సులభమైన పద్ధతి వాడుతున్నారు. దీనిని అమెరికాలో క్లైన్, పామర్, నట్సన్ అనే వారు 1938లో ప్రవేశపెట్టారు. పుచ్చినవి ఎన్ని, పుచ్చిపోయినందువల్ల తీసివేసినవి ఎన్ని, పూడ్చినవి ఎన్ని అని లెక్కపెట్టి మూడింటినీ కలుపుతారు. మొత్తం ఎంత వస్తే అది ఆ మనిషి దంత సూచిక.

భారత దంతవైద్య మండలి 2002-03లో దేశవ్యాప్తంగా పరీక్షలు జరిపినప్పుడు, 12 ఏండ్ల పిల్లలలో నూటికి సుమారు 54 మందికి పిప్పిపళ్లు ఉన్నట్లు తేలింది. అంటే ఏ తరగతిలోనైనా సగంమంది ఈ బాధ ఎరిగినవారే కావచ్చు. ప్రపంచం మొత్తంమీద పాలపళ్లు పుచ్చిన పిల్లలు 51 కోట్లకు పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది.

ఈ లెక్కలు ఎంతో అవసరమైనవి. కాని ఇవి పళ్ల లెక్కలు. పిల్లల లెక్కలు కావు. ఒక పన్ను పుచ్చిన ఇద్దరు పిల్లలకు సూచిక ఒకటే. వారిలో ఒకడు హాయిగా తిని తిరుగుతూ ఉండవచ్చు. మరొకడు వారం రోజులుగా నిద్ర లేక బాధపడుతూ ఉండవచ్చు. ఈ తేడా సూచికకు అందదు. ఆరోగ్యం అంటే రోగం లేకపోవటం మాత్రమే కాదనీ, శారీరకంగా, మానసికంగా, సాంఘికంగా సుఖంగా ఉండటమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో అమలులోకి వచ్చిన తన నిబంధనావళిలోనే చెప్పింది. ఆ దృష్టితో చూస్తే పళ్లతోపాటు పిల్లవాడి రోజును కూడా పరీక్షించవలసి ఉన్నది.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

ముందుగా నొప్పి పుట్టే విధం తెలుసుకోవటం మంచిది. పంటి పైపొర పింగాణీవలె మెరుస్తూ ఉంటుంది. దీనిని ఎనామెల్ అంటారు. మన శరీరంలో ఇంతకంటె గట్టి పదార్థం లేదు. దాని బరువులో నూటికి 96 పాళ్లు ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటులతో ఏర్పడిన స్ఫటికాలు అందులో దట్టంగా పేర్చినట్లు ఉంటాయి. దానికి లోపల డెంటీన్ అనే పొర, అన్నిటికీ లోపల నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తని మజ్జ ఉంటాయి.

పన్ను పుచ్చితే లోపల పురుగు తొలుస్తున్నదని పూర్వం అనేవారు. ఇప్పటికీ అనేవారు ఉన్నారు. పంటిలో పురుగు ఉండదు. ఉండేవి సూక్ష్మజీవులు. అవి పంటిమీద జిగురువంటి పాచిగా పేరుకొంటాయి. మనం తిన్న చక్కెరను అవి కూడా తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఈ సంగతిని మిల్లర్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు 1890లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. మామూలుగా నోటిలో ఆమ్లగుణం, క్షారగుణం ఇంచుమించు సమంగా ఉంటాయి. తీపి తిన్న కొద్ది నిమిషాలలోనే పాచిలో ఆమ్లగుణం పెరుగుతుంది. పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గితే ఎనామెల్‌లోని ఖనిజం కరగటం మొదలవుతుంది. తరువాత లాలాజలం ఆ ఆమ్లాన్ని మెల్లగా విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. ఇందుకు అరగంట నుండి గంట పట్టవచ్చు.

కనుక ఎంత తీపి తిన్నామన్నదే కాక, ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం. భోజనంతోపాటు ఒక లడ్డు తింటే పంటికి ఒక్క దాడి. అంతే చక్కెరను బిళ్లలుగా ఉదయంనుండి సాయంత్రందాకా చప్పరిస్తే పది దాడులు. ప్రతిసారీ లాలాజలం తన పని పూర్తిచేయకముందే మళ్లీ ఆమ్లం పుడుతుంది. ఖనిజం పోయేది ఎక్కువ, చేరేది తక్కువ అయినప్పుడు గుంట పడుతుంది.

గుంట ఎనామెల్‌లో ఉన్నంతకాలం నొప్పి తెలియదు. డెంటీన్‌కు చేరితే చల్లనివి, తీపివి తగిలినప్పుడు జివ్వుమంటుంది. మజ్జకు చేరితే అసలైన నొప్పి మొదలవుతుంది. వేలికి దెబ్బ తగిలితే వాచటానికి చోటున్నది. మజ్జ గట్టి గోడల మధ్య ఉన్నది. వాచటానికి చోటు లేదు. లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కుతుంది. పడుకొన్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి కొంత హెచ్చుతుంది గనుక నొప్పి రాత్రివేళ మరింత బాధిస్తుంది. మన పిల్లవాడు రాత్రి నిద్రపోకపోవటానికి, పగలు కునికిపాట్లు పడటానికి కారణం ఇదే.

ఎనిమిది పనులు

పళ్లకు బదులు పిల్లవాడి రోజును కొలవటం ఎట్లా? దీనికి లండన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన ఆబ్రీ షీహమ్, ఆయన సహచరులు ఒక ఉపాయం చూపారు. మొదట పెద్దల కోసం తయారుచేసిన ప్రశ్నావళిని పిల్లలకు తగినట్లు మార్చి, 2004లో థాయిలాండులో జరిగిన పరిశోధన ఫలితాలను ప్రకటించారు. పిల్లవాడు నిత్యం చేసే ఎనిమిది పనులను ఎంచుకొని, గత మూడు నెలలలో నోటి బాధవల్ల ఏ పనికి ఇబ్బంది కలిగిందో అడుగుతారు. ఆ ఎనిమిది ఇవి: తినటం, మాట్లాడటం, నోరు శుభ్రం చేసుకోవటం, నిద్ర, మనసు కుదురుగా ఉండటం, పళ్లు కనపడేటట్లు నవ్వటం, చదువుకోవటం, ఇతరులతో కలిసిమెలిసి ఉండటం.

ఈ పనులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి. నమలలేని పిల్లవాడు మధ్యాహ్న భోజనంలో అన్నం మింగి, కూరముక్కలు వదిలేస్తాడు. నొప్పిగా ఉన్న వైపు బ్రష్షు పోనివ్వడు. ఆ వైపు పాచి మరింత పెరుగుతుంది. నిద్ర లేనివాడికి కోపం త్వరగా వస్తుంది, ఆటలో కలవడు. ఇక మాట సంగతి. తెలుగు వ్యాకరణంలో త, థ, ద, ధ, న, ల, స అనే అక్షరాలను దంత్యములని చదువుకొన్నాం గదా. నాలుక పళ్లకు తగిలి పుట్టే ధ్వనులు గనుక ఆ పేరు వచ్చింది. ముందుపళ్లు విరిగినా, ఊడినా "స" వంటి అక్షరం స్పష్టంగా పలకదు. అందరిముందు లేచి పద్యం చదవమంటే ఆ బాలిక ఎందుకు వెనుకాడుతున్నదో మనం ఊహించుకోవచ్చు.

ఇబ్బంది ఉన్నదని చెప్పిన ప్రతి పనికీ రెండు ప్రశ్నలు వేస్తారు. ఎంత తరచుగా? ఎంత తీవ్రంగా? ఒక్కొక్కదానికి 1 నుండి 3 వరకు అంకెలు వేసి, రెండింటినీ గుణిస్తారు. అంటే ఒక పనికి అత్యధికంగా 9; ఎనిమిది పనులకు 72. వచ్చిన మొత్తాన్ని 72తో భాగించి 100తో గుణిస్తే పిల్లవాడి బాధ నూటికి ఇంత అని తేలుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మన పిల్లవాడికి తినటంలో తీవ్రత 2, తరచుదనం 3, గుణిస్తే 6. నిద్రకు 3, 2, అది 6. చదువుకు 2, 2; అది 4. నోరు శుభ్రం చేసుకోవటానికి 1, 2, అది 2. తక్కిన నాలుగింటికీ సున్న. మొత్తం 18. దానిని 72తో భాగించి 100తో గుణిస్తే 25. దంత సూచికలో ఇతని అంకె 1 మాత్రమే. ఒక్క పన్ను అతని దినచర్యను ఇంతగా తినివేస్తున్నదని రెండవ కొలత చెబుతున్నది.

పరిశోధనలు తేల్చినవి

థాయిలాండులో సుఫన్ బురి ప్రాంతంలో 11, 12 ఏండ్ల పిల్లలను 1,126 మందిని ఇట్లా ప్రశ్నించారు. నూటికి దాదాపు 90 మంది ఏదో ఒక పనికి ఇబ్బంది కలిగిందని చెప్పారు. అందరికంటె ఎక్కువమంది, అంటే నూటికి 73 మంది, తినటానికి ఇబ్బందిపడ్డారు. సగటు బాధ 8.8. చాలామందికి ఇబ్బంది స్వల్పమైనదే. కాని కారణాలు గమనింపదగినవి. పళ్లు జివ్వుమనటం, నోటిపూత, పంటి నొప్పి, ఊగే పాలపన్ను, ఈ నాలుగూ ముఖ్యకారణాలుగా కనిపించాయి. వీటిలో నోటిపూతకు, ఊగే పన్నుకు దంత సూచికలో చోటే లేదు.

చదువు విషయంలో అమెరికాలోని ఉత్తర కరొలినా రాష్ట్రంలో జరిగిన పరిశోధన ఒకటి 2011లో ప్రకటితమైనది. పంటి నొప్పివల్ల బడి మానిన పిల్లలు చదువులో వెనుకబడి ఉన్నట్లు అందులో కనిపించింది. దంతవైద్యుని వద్ద మామూలు పరీక్షకోసం బడి మానిన పిల్లలలో అటువంటి వెనుకబాటు కనిపించలేదు. బడికి రాకపోవటం రెండుచోట్లా ఒకటే. తేడా నొప్పిలో ఉన్నది. పిల్లవాడిని దంతవైద్యుని వద్దకు తీసుకుపోవటానికి ఒక పూట సెలవు అడిగితే ఉపాధ్యాయులు సంకోచించనక్కరలేదని దీనివల్ల తెలుస్తున్నది.

ఫిలిప్పీన్సులో 2006లో జరిగిన జాతీయ పరీక్షలో 12 ఏండ్ల పిల్లలలో నూటికి 82 మందికి పిప్పిపళ్లు ఉన్నట్లు తెలిసింది. పుచ్చు మజ్జదాకా పోయిన పిల్లలలో, ఎత్తుకు తగిన బరువు లేనివారు ఎక్కువగా ఉన్నారని అక్కడి పరిశోధకులు చూపారు. బరువు తగ్గటానికి పేదరికం వంటి ఇతర కారణాలు కూడా ఉండవచ్చు. అయినా నమలలేనివాడు, నిద్రలేనివాడు సరిగా ఎదగలేడన్నది తేలికగా తీసివేయదగిన మాట కాదు.

నొప్పి లేని బాధ

నోటి బాధ అంటే నొప్పి ఒక్కటే కాదు. తెలుగువారికి ఇది బాగా తెలిసిన విషయం. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించినది అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలోనే. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ఆ సంగతి ప్రకటించారు. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో దేశమంతటా వినవచ్చింది.

తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా ఉండవచ్చుననీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఇంతకంటె ఎక్కువైన నీరు చిన్నతనంలో తాగితే, చిగుళ్లలోపల అప్పుడు తయారవుతున్న స్థిరదంతాల ఎనామెల్ దెబ్బతింటుంది. అవి బయటికి వచ్చినప్పుడే తెల్లని సుద్దమచ్చలతోనో, గోధుమరంగు చారలతోనో వస్తాయి. ఎనిమిదేళ్లు దాటేసరికి, జ్ఞానదంతాలు తప్ప, మిగిలిన పళ్ల ఎనామెల్ తయారీ ఇంచుమించు ముగుస్తుంది. కనుక ఆ తరువాత తాగిన నీటివల్ల ఆ పళ్లకు కొత్తగా ఈ మచ్చలు రావు. వచ్చినవి ఎంత తోమినా పోవు.

అటువంటి పళ్లున్న బాలికకు నొప్పి లేదు. పుచ్చు లేదు. దంత సూచిక సున్న. కాని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. తరగతి ఫొటోలో పెదవులు బిగించుకొంటుంది. నవ్వు అనే ఒక్క పనికి తీవ్రత 3, తరచుదనం 3 వేసుకొంటే 9, నూటికి 12.5. పళ్లు తోముకోని పిల్ల అని తోటివారు ఆమెను గేలిచేస్తారు. తప్పు నీటిది, పిల్లది కాదు. ఈ ఒక్కమాట ఉపాధ్యాయుడు తరగతిలో స్పష్టంగా చెబితే ఆ అంకె కొంత తగ్గుతుంది.

నీటినుండి ఫ్లోరైడును తొలగించటానికి నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకంలో ఒక పద్ధతి రూపొందించింది. నీటిలో సున్నం, పటిక తగు పాళ్లలో కలిపితే ఫ్లోరైడు మడ్డితోపాటు అడుగుకు దిగుతుంది. దీనికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు స్థిరపడింది. ఏర్పడిన మచ్చలను దంతవైద్యులు చికిత్సతో కొంతవరకు మరుగుపరచగలరు.

ఆరో ఏటి పన్ను

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు తప్పక తెలియవలసిన సంగతి ఒకటి ఉన్నది. పాలపళ్లు 20, అవి ఊడిపోయేవే గదా అని చాలామంది ఉపేక్షిస్తారు. అయితే ఆరో ఏట, పాలపళ్లన్నిటికీ వెనుకగా, పైన రెండు, కింద రెండు పెద్ద దవడపళ్లు వస్తాయి. వీటికి చోటివ్వటానికి ఏ పాలపన్నూ ఊడదు. అందుచేత ఇవి కూడా పాలపళ్లేనని పొరబడతారు. ఇవి జీవితాంతం ఉండవలసిన పళ్లు, నమలటంలో ముఖ్యమైనవి. వీటిమీద లోతైన గీతలు ఉండటంవల్ల పాచి త్వరగా చేరి, ఇవే ముందుగా పుచ్చుతాయి. ఆరేళ్ల పిల్లవాడి నోరు తెరిపించి చిట్టచివరి పన్నును చూడటం ప్రతి తల్లి, తండ్రి అలవాటు చేసుకోవలె.

బడిలో చేయదగినవి

ఫ్లోరైడు అధికమైతే హాని చేస్తుందని చెప్పుకొన్నాం. అదే ఫ్లోరైడు స్వల్పంగా పంటి ఉపరితలానికి తగిలితే, పోయిన ఖనిజం తిరిగి చేరటానికి తోడ్పడుతుంది. ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకోబోయేముందు, పళ్లు తోముకోవలె. ఆరేళ్లు దాటిన పిల్లలకు బఠాణీగింజంత పేస్టు చాలు. దానిని మింగక ఉమ్మివేయవలె. నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్లలో చిన్నపిల్లల విషయమై వైద్యుని సలహా తీసుకోవటం మంచిది. ఇటుకపొడితోను, గరుకైన బొగ్గుపొడితోను తోమితే పళ్లు అరిగి జివ్వుమంటాయి. లవంగనూనె నొప్పిని కాసేపు మరపిస్తుంది గాని గుంటను పూడ్చదు.

ఫిలిప్పీన్సు బడులలో 2008 ప్రాంతంలో మొదలైన ఒక పథకం ప్రకారం పిల్లలందరూ రోజూ బడి ఆవరణలో వరుసగా నిలబడి చేతులు కడుక్కొని, ఫ్లోరైడు పేస్టుతో పళ్లు తోముకొంటారు. దీనికి దంతవైద్యుడు అక్కరలేదు, ఉపాధ్యాయుడు చాలు. మధ్యాహ్న భోజనం పెట్టే మన బడులలో కూడా దీనిని ఆలోచించవచ్చు. మన దేశంలో 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడిపిల్లలను పరీక్షించే బృందాలు పళ్లను కూడా చూస్తాయి. బృందం వచ్చిన రోజున ఎవరి పేరు చెప్పాలో తెలిసినవాడు తరగతి ఉపాధ్యాయుడే.

ఆటలో స్థిరదంతం వేరుతోసహా ఊడి కిందపడితే దానిని పారవేయరాదు. వేరు ముట్టుకోక, పైభాగాన పట్టుకొని తీసి, మట్టి అంటితే పాలతోగాని, శుభ్రమైన నీటితోగాని క్షణంపాటు కడిగి, వీలైతే అదే గుంటలో తిరిగి అమర్చవలె. వీలుకాకుంటే పాలలో వేసి, వెంటనే, సాధ్యమైనంతవరకు గంటలోపల, దంతవైద్యుని వద్దకు చేర్చవలె. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు.

విద్యార్థులు ఎనిమిది పనుల పట్టికను తమకు తామే వేసుకొని చూడవచ్చు. అది పోటీ మార్కుల పట్టిక కాదు; ఒకరిది మరొకరు చూడనవసరం లేదు. అంకె ఎక్కువగా వచ్చినవారు ఇంట్లో పెద్దలకు చెప్పవలె.

ఇక ఉపాధ్యాయులకు ఒక మనవి. చెంపకు చెయ్యి ఆనించుకొన్న పిల్లవాడిని రాత్రంతా ఏంచేశావని అడగటం మంచిదే. అయితే ఆ ప్రశ్నను జవాబుకోసం అడగవలె. తరగతి ముందు కాక, దగ్గరకు పిలిచి అడగవలె. "పన్ను నొప్పి, మాస్టారూ" అన్న జవాబు వస్తే, ఆనాటి లెక్క రాకపోయినా, ఒక పెద్ద సమస్య సగం తీరినట్లే.